పది నిమిషాల్లో జవాబు రాకపోతే

నేను ఆ భవనంలో అడుగుపెట్టేసరికి మూడు ముప్పై అయిదయింది. లిఫ్టు మేస్త్రీ చనిపోయి అప్పటికి గంటా ఇరవై నాలుగు నిమిషాలు.

లాబీలోనే ఇనస్పెక్టర్ ఎదురయ్యాడు. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. నేను పోలీసు ఉద్యోగం వదిలి సొంతంగా కేసులు పట్టడం మొదలుపెట్టాక, నన్ను చూస్తే చాలు చెప్పులో రాయి దూరినట్టు మొహం పెడతాడు.

"కందకు లేని దురద కత్తికెందుకు మేడమ్? పోయినవాడి తరఫువాళ్ళే ఇంకా నోరెత్తలేదు."

"నన్ను పిలిచినవాళ్ళున్నారు. ఇక్కడి లిఫ్టుల రూల్స్ రాసే రైటరమ్మ మామగారు ఫోన్ చేశారు."

"ఆవిణ్ణి అయిదింటికి స్టేషన్‌కి తీసుకెళ్తున్నాను. అక్కడికొచ్చి చూద్దురుగాని."

"అయిదింటికి ఇంకా గంటన్నర టైముంది. ఏం చేసిందని తీసుకెళ్తున్నావు?"

అడిగితే చెప్పకుండా ఉండలేడు. తను కనిపెట్టింది నలుగురికీ చెప్పుకోవాలన్న ఆరాటం మొదట్నుంచీ ఉంది. గోడకి ఆనుకుని, వేళ్ళు మడుస్తూ చెప్పాడు.

ఇరవై రెండు అంతస్తులు, ఆరు లిఫ్టులు. ఏ లిఫ్టుని ఎప్పుడు ఆపాలి, మరమ్మతుకి ఎవరు దిగాలి, మళ్ళీ ఎప్పుడు నడపాలి అన్నదంతా మూడు నెలలుగా ఒక షెడ్యూలింగ్ టూల్ మీద నడుస్తోంది. ఆ టూల్‌ని వాడేది మనిషి కాదు, ఏఐ ఏజెంటు. టూల్‌ని ఎలా వాడాలో ఏజెంటుకి చెప్పే పేజీలు రాయడం రైటరమ్మ ఉద్యోగం. ఆ పేజీలో ఏముంటే ఏజెంటు అదే చేస్తుంది.

"పేజీలో ఒక రూలుంది మేడమ్. మరమ్మతు గడువు అయిపోయాక ఏజెంటు మేస్త్రీని 'పని అయిందా' అని అడుగుతుంది. మేస్త్రీ జవాబు చెప్పకపోతే పని ఇంకా అవుతోందని అర్థం, లిఫ్టు కదపవద్దు, మనిషికి ఫోన్ చేయి. అదీ రూలు. ఇవాళ ఒకటీ యాభై రెండుకి ఎవరో దాన్ని మార్చారు. 'పది నిమిషాల్లో జవాబు రాకపోతే పని అయిపోయినట్టే, లిఫ్టు నడుపు' అని. రెండూ పదకొండుకి రెండో లిఫ్టు కిందికి దిగింది. మేస్త్రీ ఇంకా దాని కింది గుంటలోనే ఉన్నాడు."

ఇంకో వేలు మడిచాడు.

"రెండూ ముప్పై ఒకటికి పేజీ మళ్ళీ పాత రూలుకి మారింది. రెండుసార్లూ మార్చింది రైటరమ్మ పాస్‌వర్డ్‌తోనే. తప్పు రాసింది, మనిషి పోయాడని తెలిసి గుట్టుచప్పుడు కాకుండా దిద్దేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంది. ఇంతే కేసు."

"రెండోసారి దిద్దిన సంగతి ఆవిడకి చెప్పావా?"

"చెప్పలేదు. స్టేషన్లో ఎదురుగా కూర్చోబెట్టి పెడతాను ఆ ముక్క." ఆ తురుపుముక్కని చూసుకుని మురిసిపోతున్నాడని మొహంలోనే తెలుస్తోంది.

*

కంట్రోల్ రూమ్ లాబీ చివర ఉంది. గోడనిండా తెరలు, మూడు కుర్చీలు, ఒక టేబులు. మరమ్మతుల మేనేజరు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నలభై అయిదేళ్ళ మనిషి. ఇస్త్రీ మడత చెదరలేదు గానీ, కళ్ళు మాత్రం ఏడ్చినట్టు ఎర్రగా ఉన్నాయి.

"పద్దెనిమిదేళ్ళు కలిసి పనిచేశాం మేడమ్. మా పిల్లలకి పెద్దనాన్నలాంటివాడు."

"అయ్యో" అన్నాను. ఆ బాధ నిజమైనదే. అందులో నాకేమీ అనుమానం లేదు.

"మేస్త్రీ దిగేముందు కరెంటు తీసేయొచ్చుగా?"

"మెయిన్ తీస్తే ఆరు లిఫ్టులూ ఆగిపోతాయి. అందుకని ఏజెంటే ఆ ఒక్క లిఫ్టునీ ఆపి ఉంచుతుంది. గుంటలో ఎర్ర స్విచ్ కూడా ఒకటుంటుంది, దిగినవాళ్ళు అది నొక్కితే లిఫ్టు కదలదు. కానీ ఇవాళ పాడైంది ఆ స్విచ్చే. దాన్ని మార్చడానికే దిగాడు. ఒకటింపావు నుంచి రెండింటి దాకా గడువు."

"మీరప్పుడు ఎక్కడున్నారు?"

"భోజనానికెళ్ళాను. ఒకటిన్నరకి వెళ్ళి, రెండూ ఇరవైకి వచ్చాను."

మాట్లాడుతూనే కీబోర్డు ఎత్తి చూశాను. అడుగున ఒక చీటీ అంటించి ఉంది. రైటరమ్మ పేరు, పాస్‌వర్డ్.

"ఇదేంటి?"

"పేజీలు దిద్దడానికి కంపెనీ ఒక్కరికే అనుమతి తీసుకుంది మేడమ్. పేర్లూ ఫోన్ నంబర్లూ మార్చాల్సి వస్తే మేమూ అదే వాడతాం."

"పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నమాట" అన్నాను ఇనస్పెక్టర్ వంక చూస్తూ. "ఏమయ్యా, ఈ పాస్‌వర్డ్ గోడకున్న క్యాలెండర్‌కి కూడా తెలిసేలా ఉంది. ఆవిడే దిద్దిందని ఎలా తేల్చావు?"

"మిగతావాళ్ళకి రూలు మార్చేంత పరిజ్ఞానం లేదు మేడమ్. అయినా మీరు కాలం చెల్లిన పద్ధతిలో కీబోర్డులూ చీటీలూ వెతుక్కుంటూ ఉండండి. నేను సాక్ష్యం తెప్పిస్తున్నాను. అయిదో లిఫ్టులోనూ అదే రకం స్విచ్. దాన్నీ విప్పి తెమ్మన్నాను, పక్కపక్కన పెట్టి చూడటానికి."

నాకు ఒళ్ళు మండింది. "ఇవాళే ఇంకో మనిషిని గుంటలోకి దింపుతావా?"

"భయం లేదు మేడమ్" అన్నాడు మేనేజరు. తెరమీద పేజీ చూపించాడు. లిఫ్టు కదపవద్దు, మనిషికి ఫోన్ చేయి. "రూలు ఇప్పుడు సరిగ్గానే ఉంది. ప్రమాదం అనుకుంటే నేను మా బావమరిదిని పంపుతానా? నాలుగూ అయిదు నుంచి నాలుగూ ఇరవై దాకా గడువు పెట్టాను. కుర్రాడు చకచకా చేసేస్తాడు."

టేబులు మీద ఫిర్యాదుల పుస్తకం ఉంది. ఇవాళ్టి పేజీలో ఒకే ఒక్క ఫిర్యాదు. 1:47, పదిహేడో అంతస్తు, పళ్ళ డాక్టరు. అరగంటగా రెండో లిఫ్టు లేదు. పక్క గడిలో నీలం ఇంకుతో సమాధానం: 2:15 కల్లా వస్తుందని చెప్పాను.

పుస్తకం మూసి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చాను. పళ్ళ డాక్టరుకి ఫోన్ చేశాను.

"మీ ఫోన్ ఎవరు ఎత్తారు డాక్టర్ గారూ?"

"మేనేజరే. నేను కాస్త గట్టిగానే మాట్లాడానండీ. మా వైపు ఆగేది ఆ లిఫ్టొక్కటే, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ నాలుగు అంతస్తులెక్కి కళ్ళు తిరిగి పడిపోయింది. ముందు తెలియదన్నాడు. అయిదారు నిమిషాలయ్యాక అతనే మళ్ళీ చేసి, రెండుంబావుకల్లా లిఫ్టు వచ్చేస్తుందన్నాడు."

ఒకటిన్నరకి భోజనానికి వెళ్ళినవాడు ఒకటీ నలభై ఏడుకి ఫోన్ ఎలా ఎత్తాడు? గుంటలో ఉన్న మేస్త్రీకే పని ఎప్పటికవుతుందో తెలియనప్పుడు, ఇతనికి రెండుంబావు అని ఎవరు చెప్పారు?

అబద్ధమైతే దొరికింది. కానీ అబద్ధమాడటం ఒకటి, రూలు మార్చడం ఇంకొకటి. మేస్త్రీయే టైము చెప్పాడని అంటే నా దగ్గర జవాబు లేదు. పోయినవాణ్ణి అడగలేను కదా.

*

రెండో లిఫ్టు గుంట దగ్గర కానిస్టేబులు కాపలా ఉన్నాడు. శరీరాన్ని తీసుకెళ్ళిపోయారు. అప్పుడు మూడు యాభై అయిదు.

అంచున మేస్త్రీ చెప్పులు ఒకదాని పక్కన ఒకటి పొందిగ్గా పెట్టి ఉన్నాయి. ఇనప నిచ్చెన, అయిదున్నర అడుగుల లోతు. టార్చి వేసి దిగాను. మోకాళ్ళు మొరపెట్టుకున్నాయి, వినిపించుకోలేదు. గోడకి ఎర్ర స్విచ్ ఉండాల్సిన చోట రెండు వైర్లు బయటికి వేలాడుతున్నాయి. కొత్త స్విచ్‌కి మూడు స్క్రూలు బిగించి ఉన్నాయి, నాలుగోది బిగించలేదు.

నా ఫోన్ తీసి చూశాను. సిగ్నల్ లేదు. ఒక్క గీత కూడా లేదు.

మళ్ళీ పైకి వచ్చి చూస్తే నిచ్చెన పక్కనే గోడకి మేకుంది. మేస్త్రీ ఫోన్ చిన్న సంచిలో పెట్టి దానికి తగిలించి ఉంది. కిందకి తీసుకెళ్ళి లాభం లేదని పాపం తెలిసినవాడే. తెరమీద ఏజెంటు పంపిన మూడు మెసేజిలు వరసగా ఉన్నాయి.

2:00. గడువు ముగిసింది. పని అయిందా?

2:10. జవాబు లేదు. పని అయిపోయినట్టుగా తీసుకున్నాను.

2:11. రెండో లిఫ్టు నడుస్తోంది. ధన్యవాదాలు.

ఆ ధన్యవాదాలు మళ్ళీ చదివాను. కాసేపు ఆ చెప్పుల పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయాను.

*

రైటరమ్మని మొదటి అంతస్తులో పాత ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టారు. నేను వెళ్ళేసరికి నాలుగూ పన్నెండు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఫోనూ కంప్యూటరూ పోలీసులు తీసుకున్నారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు చుట్టుకుంటూ ఉంది. పక్కన ఆవిడ మామగారు. బస్ డిపోలో నలభై ఏళ్ళు టైమ్ కీపరుగా చేసి దిగిపోయిన మనిషి. పాత కేసు ఒకదాన్లో ఆయన రాసిన టైముల పుస్తకం పట్టుకునే నేను నేరస్థుణ్ణి పట్టుకున్నాను. ఒళ్ళో ఒక రేకు పెట్టె ఉంది.

"మా కోడలు అలాంటి రూలు రాయదమ్మా" అన్నాడాయన, నేను కూర్చోకముందే.

"మీరు మామగారు కాబట్టి అంటారు."

"మామగారిని కాబట్టి కాదు. అది నా చేతిమీదుగా వెళ్ళలేదు కాబట్టి."

నాకు అర్థం కాలేదు. కోడలు తల దించుకునే చెప్పింది.

"మనుషులకి రాయడం వేరు మేడమ్. వాళ్ళకి అర్థం కాకపోతే అడుగుతారు. లేకపోతే సొంత బుర్ర వాడతారు. ఏజెంటుకి అలా కాదు, నేను రాయనిది దానికి లేనట్టే. అందుకని ప్రతి రూలూ ముందు కార్డు మీద రాసి మామయ్యకిస్తాను. టేబులు మీద ఆరు గ్లాసులు పెడతాం, అవి లిఫ్టులు. చొక్కా గుండీలు మనుషులు. కార్డులో ఉన్నది ఉన్నట్టు చేయడమే మామయ్య పని. గ్లాసులో గుండీ ఉండగా గ్లాసు కదిలిందంటే ఆ కార్డు చింపేస్తాను."

"ఈవిడ మొదట్లో నా చేత పదకొండు కార్డులు చింపించింది" అన్నాడాయన. "మా ఆవిడ బతికుంటే, ఇద్దరికీ పిచ్చెక్కిందనేది." నవ్వబోయి, ఎందుకున్నామో గుర్తొచ్చి ఆగిపోయాడు.

పెట్టె తెరిచాడు. ప్రతి కార్డు కిందా తారీకు, టైము, పొడి సంతకం. డిపో అలవాటు. జవాబు రాకపోతే ఏం చేయాలన్న కార్డు తీసి నా చేతికిచ్చాడు. అచ్చంగా ఇప్పుడు తెరమీదున్న రూలే.

"ఆ మాట నాది కాదు" అంది రైటరమ్మ. "మేస్త్రీ గారిది. 'గుంటలో సిగ్నలుండదు తల్లీ. నేను పలకలేదంటే పనిలో ఉన్నానని రాసుకో' అన్నారు. రాసి చూపించాను. రెండుసార్లు చదివించుకుని, ఇంక నిశ్చింతగా దిగుతానన్నారు. నా మాట నమ్మి దిగిన మనిషి మేడమ్. నన్ను జైల్లో పెడితే పెట్టనివ్వండి, ఆయన భార్య మాత్రం నేనే రాశాననుకుంటే నేను బతకలేను."

మారిన రూలు ఆయనకి చదివి వినిపించాను. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"గుండీ నలుగుతుంది" అన్నాడు మెల్లగా.

ఇనస్పెక్టర్ దాచుకున్న ముక్క నేనే బయటపెట్టాను. "ఈ రూలు ఒకటీ యాభై రెండుకి పెట్టారు. రెండూ ముప్పై ఒకటికి తీసేసి, మీ రూలు మళ్ళీ పెట్టారు. రెండూ మీ పాస్‌వర్డ్‌తోనే."

ఆవిడ తలెత్తింది. "మళ్ళీ పెట్టారా? పెట్టి ఊరుకున్నారా? ఏజెంటుని ఆపలేదా?"

"ఎందుకు ఆపాలి? పేజీ సరైపోయింది కదా."

మామగారు పెట్టె అడుగునుంచి మొట్టమొదటి కార్డు తీశాడు. గీతలు పడి, మూలలు నలిగి ఉంది. బల్లమీద పెట్టి వేలితో చూపించాడు.

"ఇది చూడమ్మా. ఒకటో కార్డు. ఏజెంటు పేజీలు చదివేది రోజుకి మూడుసార్లు, ఆరింటికి, రెండింటికి, పదింటికి. మా డిపోలో డ్యూటీ మారే టైములే. మధ్యలో కాగితం మారినా అది చూడదు. డ్యూటీ ఎక్కేటప్పుడు ఏం చదివిందో, దిగేదాకా అదే."

నా బుర్రలో టైములన్నీ వరసకి వచ్చి నిలబడ్డాయి. ఒకటీ యాభై రెండుకి తప్పుడు రూలు. రెండింటికి ఏజెంటు చదివింది. రెండూ ముప్పై ఒకటికి దిద్దినా లాభం లేదు, రాత్రి పదింటిదాకా అది తప్పుడు రూలు మీదే నడుస్తుంది. ఈ సంగతి రైటరమ్మకి తెలుసు. దిద్దినవాడికి తెలియదు. దొంగచాటుగా దిద్దింది ఆవిడే అయితే, ఏజెంటుని కూడా ఆపి ఉండేది.

ఆవిడ దోషి కాదని తేలిపోయింది. కానీ ఆ సంతోషం నాకు ఒక్క క్షణం కూడా మిగల్లేదు. రైటరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు గుంటలో ఎవరైనా ఉన్నారా మేడమ్?"

గోడ గడియారం నాలుగూ ఇరవై నాలుగు చూపిస్తోంది. గడువు నాలుగూ ఇరవైకి ముగిసింది. ఏజెంటు అడిగేసి ఉంటుంది. సిగ్నల్ లేని గుంటలో, స్విచ్ విప్పేసుకుని, బావమరిది పని చేసుకుంటూ ఉంటాడు.

ఇనస్పెక్టర్‌కి ఫోన్ చేశాను. కట్ చేశాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ కట్ చేశాడు. వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. రైటరమ్మ నాకన్నా ముందు దిగింది. గుమ్మంలో కానిస్టేబులు ఆమెకి అడ్డం నిలబడ్డాడు. వాణ్ణి పక్కకి తోసి కంట్రోల్ రూమ్ తలుపు తీసేసరికి నాలుగూ ఇరవై ఏడు.

"మెయిన్ ఎక్కడ?" అన్నాను. "లిఫ్టుల మెయిన్ తీయండి. ఏజెంటుకి దిద్దిన పేజీ అందలేదు. రెండింటికి చదివితే మళ్ళీ రాత్రి పదింటికే చదువుతుంది. రెండింటికి చదివిందే ఇంకా దాని బుర్రలో ఉంది."

"మొదలెట్టారా మేడమ్?" అన్నాడు ఇనస్పెక్టర్. "పేజీ చూడండి. ఎంత చక్కగా..."

అతని మాట పూర్తికాలేదు. మేనేజరు కుర్చీ వెనక్కి పడింది. ఏం పేజీ, ఏం రూలు అని అతను అడగలేదు. తలుపు వైపు పరుగెత్తాడు. రెండింటికి ఏజెంటు చదివినది ఎంత పొట్టి వాక్యమో, ఎన్ని నిమిషాల వాక్యమో, రాసినవాడికి ఒకరు చెప్పాలా?

ఇనస్పెక్టర్ మాత్రం పారిపోతున్నాడనుకున్నాడు. వరండాలో కాలరు పట్టుకుని గోడకి అదిమాడు.

"వదలండి సార్. లోపల మా బావమరిది ఉన్నాడు. మీ కాళ్ళు పట్టుకుంటాను, వదలండి."

"వదలవయ్యా" అన్నాను. ఇద్దరం కలిసి పనిచేసిన రోజుల్లో అరిచినట్టే అరిచాను. పాత అలవాటు కొద్దీ అతని చెయ్యి దానంతటదే జారింది.

వరండా చివర బూడిదరంగు పెట్టె. మేనేజరు తలుపు లాగి, రెండు చేతులతో పిడి కిందికి గుంజాడు. దభీమని చప్పుడైంది. ఆరు లిఫ్టుల మీదా దీపాలు ఆరిపోయాయి. నా వాచీలో నాలుగూ ఇరవై తొమ్మిది.

ఎక్కడో పై అంతస్తులో ఆగిపోయిన లిఫ్టులోంచి ఎవరో తలుపు బాదుతున్నారు. తర్వాత అయిదో లిఫ్టు గుంటలోంచి గొంతు వినిపించింది.

"బావా, కరెంటు మీరే తీశారా? చివరి స్క్రూ ఒక్కటే ఉంది, కనబడట్లేదు."

మేనేజరు పిడి వదల్లేదు. దాన్ని పట్టుకునే నేలమీదకి జారిపోయాడు.

రైటరమ్మ గుంట దగ్గరికి వెళ్ళింది. ఆ గోడకీ మేకుంది, మేకుకి ఫోన్ తగిలించి ఉంది. ఆమె చూస్తూ ఉండగానే తెర వెలిగింది. తీసి ఇనస్పెక్టర్‌కి అందించింది. అతను చదివి నాకిచ్చాడు.

4:30. జవాబు లేదు. పని అయిపోయినట్టుగా తీసుకున్నాను.

"నేనే రాశాను" అన్నాడు మేనేజరు. ఎవరి మొహమూ చూడటం లేదు. "డాక్టరు అరిచాడు, లిఫ్టులు ఎక్కువసేపు ఆపుతున్నానని పైవాళ్ళు నిన్ననే నిలదీశారు. పని అయిపోయినా మేస్త్రీ జవాబు చెప్పడం మర్చిపోయి ఉంటాడనుకున్నాను. పది నిమిషాలు చాలనుకున్నాను. లిఫ్టు నడిపేముందు ఎవరైనా ఒకసారి గుంటలోకి తొంగి చూస్తారు కదా అనుకున్నాను."

"ఎవరు చూస్తారు?" అంది రైటరమ్మ. ఆమె కోపంగా అడగలేదు, ఏడుస్తూ అడిగింది.

ఇనస్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, స్విచ్ విప్పి తెమ్మన్నది తనేనన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు గుంట వైపు చూస్తూ నిలబడ్డాడు.

కిందనుంచి కుర్రాడు మళ్ళీ పిలిచాడు. "బావా, పలకరేంటి?"

నేను వెళ్ళి నిచ్చెన మీదకి టార్చి వేశాను.

"స్క్రూ సంగతి తర్వాత చూద్దాం. పైకి రా నాయనా" అన్నాను.